బధిర పిల్లలకు టీచర్ కావాలంటే ఏం చేయాలి?

పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న అమ్మానాన్నలకే పుడతారు. ఇల్లంతా మాటలే ఉంటాయి. అమ్మ పిలుపులు, నాయనమ్మ కథలు, టీవీ, వీధిలో కూరగాయలమ్మి కేకలు. వాటిలో ఒక్కటీ ఆ బిడ్డకు చేరదు. వినే పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా మూడేళ్ళకల్లా వాక్యాలు మాట్లాడేస్తారు. ఈ బిడ్డ మాత్రం ఐదేళ్ళకు బడిలో చేరేటప్పుడు తనకొక పేరుందన్న సంగతి కూడా తెలియకుండా రావచ్చు. తెలివికి ఏ లోటూ ఉండదు. భాషే ఏ దారిలోనూ తనదాకా రాలేదు.

అందుకే ఈ ఉద్యోగంలో సబ్జెక్టు చెప్పడం రెండో పని, భాష అందించడం మొదటి పని. కోర్సు ఎంచుకోవడం దగ్గర్నుంచి రేపటి పీరియడ్‌కు ఏం సిద్ధం చేసుకోవాలన్నదాకా ఇక్కడ చెప్పేవన్నీ ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి. ఇంటర్ అయినవాళ్ళకు, డిగ్రీ పూర్తిచేసి ఏ బీఎడ్ చేయాలా అని ఆలోచిస్తున్నవాళ్ళకు, మామూలు బడిలో టీచర్‌గా ఉంటూ ఇటు రావాలనుకుంటున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక బడికి వెళ్ళి కూర్చోండి

అప్లికేషన్ నింపకముందే ఈ పని చేయండి. హైదరాబాద్ మలక్‌పేటలో ప్రభుత్వ బధిరుల పాఠశాల ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ బధిర పాఠశాల ఉంది. మీకు దగ్గర్లో స్వచ్ఛంద సంస్థలు నడిపే బడులు ఉండవచ్చు. అవేవీ లేకపోతే మీ మండలంలోని భవిత కేంద్రం సంగతి కనుక్కోండి. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రాలవి. హెడ్మాస్టర్‌కు ఒక ఉత్తరం రాసి, వారం రోజులు తరగతిలో వెనక కూర్చుని చూస్తానని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఫొటోలు, వీడియోలు మాత్రం తీయకండి.

ఆ వారంలో టీచర్ కంటే పిల్లల్నే ఎక్కువ గమనించండి. ఇంటర్వెల్‌లో వాళ్ళు ఎంత వేగంగా, ఎంత సరదాగా చేతులతో కబుర్లు చెప్పుకుంటారో చూడండి. అదే పిల్లవాడు తరగతిలోకి రాగానే బిగుసుకుపోయి కూర్చుంటే, అక్కడ పాఠం వాడికి అందే భాషలో నడవడం లేదన్నమాట. ఈ తేడా కంటపడితే, మీరు ఎలాంటి టీచర్ కావాలో సగం తెలిసిపోయినట్టే.

ఇంకో సంగతి. జాలితో ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఎక్కువకాలం నిలబడరు. జాలిపడే టీచర్ తేలిక ప్రశ్నలే అడుగుతాడు, తప్పు రాసినా టిక్కు పెడతాడు, పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలు దెబ్బతింటారు. మీకు పిల్లలంటే ఇష్టం ఉండాలి, ఓపిక ఉండాలి. చెప్పినదాన్ని పది రకాలుగా చెప్పగలగాలి. ముఖంలో భావాలు పలికించడానికి సిగ్గుపడకూడదు.

కోర్సు ఎంచుకోవడం

మన దేశంలో స్పెషల్ టీచర్ల చదువును నియంత్రించేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందరూ ఆర్‌సీఐ అంటారు. 1992లో చేసిన చట్టం ప్రకారం నడుస్తుంది. ఆ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకుంటేనే స్పెషల్ టీచర్‌గా పనిచేయడానికి అర్హత. ఆ నమోదు నంబరునే సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. డీఎస్సీ అప్లికేషన్‌లోనైనా, ప్రైవేటు బడి ఇంటర్వ్యూలోనైనా ముందు అడిగేది అదే.

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఇంటర్ తర్వాత రెండేళ్ళ డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్, డిగ్రీ తర్వాత రెండేళ్ళ బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. రెండింటిలోనూ హియరింగ్ ఇంపెయిర్‌మెంట్ అనే విభాగం ఎంచుకోవాలి. చిన్నతరగతులు చెప్పాలని ఉంటే డీఎడ్ మంచిది, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పాలంటే బీఎడ్ కావాలి. ఏది మంచిదని నన్నడిగితే చిన్నతరగతుల వైపే చూడమంటాను. భాష పట్టుబడే వయసు అదే. మంచి టీచర్ల కొరత పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేదీ అక్కడే.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ముంబయి బాంద్రాలో, 1983లో మొదలైంది. వినికిడి పరీక్షలు చేసేవాళ్ళు, స్పీచ్ థెరపిస్టులు, టీచర్ ట్రైనీలు అందరూ ఒకేచోట ఉండటం అలాంటి సంస్థల్లో పెద్ద లాభం. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా అలాంటిదే. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్ళకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో స్పెషల్ బీఎడ్ ఇస్తోంది. దానికి ఎంట్రన్స్ రాయాలి. దూరవిద్య అయినా ప్రాక్టీస్ టీచింగ్ తప్పదు, తప్పించుకోవాలని కూడా చూడకండి.

కాలేజీలో చేరేముందు రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, ఆ కాలేజీకి ఆ సంవత్సరానికి, ఆ విభాగానికి ఆర్‌సీఐ అనుమతి ఉందా లేదా అన్నది కౌన్సిల్ వెబ్‌సైట్లోనే చూడాలి. కాలేజీవాళ్ళు నోటితో చెప్పింది నమ్మి డబ్బు కట్టొద్దు. గుర్తింపు లేని కోర్సు చేస్తే ఫీజూ పోతుంది, రెండేళ్ళూ పోతాయి. రెండోది, ప్రాక్టీస్‌కు నిజంగా బధిర పిల్లలున్న బడి దొరుకుతుందా అని అడగండి. బధిర పిల్లవాణ్ని ఒక్కణ్ని కూడా దగ్గరగా చూడకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళున్నారు. అలా వచ్చినవాళ్ళ మొదటి ఏడాది వాళ్ళకూ కష్టమే, పిల్లలకూ కష్టమే.

సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ డిప్లొమా వేరు, టీచర్ శిక్షణ వేరు. ఇంటర్‌ప్రెటర్ డిప్లొమాతో డీఎస్సీ రాయలేరు. మీకే వినికిడి లోపం ఉంటే, సంజ్ఞా భాషను బోధించడానికి బధిరుల కోసమే ఒక డిప్లొమా ఉంది. మీలాంటి టీచర్ను చూస్తే తరగతిలో పిల్లలకు వచ్చే ధైర్యం మాలాంటి వినే టీచర్లు ఎంత కష్టపడ్డా ఇవ్వలేరు.

సంజ్ఞా భాషను బధిరుల దగ్గరే నేర్చుకోండి

కోర్సులో సంజ్ఞా భాషకు ఒక పేపర్ ఉంటుంది. దానితో సరిపెట్టుకుంటే కుదరదు. పరీక్షకు కొన్ని సైగలు బట్టీపట్టి పాసవ్వచ్చు కానీ, తరగతిలో ఆరేళ్ళ పిల్ల మీకేదో గబగబా చెప్పేస్తుంటే అర్థం కాక తల ఊపాల్సి వస్తుంది. కోర్సు మొదలైన రోజు నుంచే దీనికి రోజూ కొంత సమయం పెట్టండి.

భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో మొదలైంది. వాళ్ళ నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. అన్నీ వీడియోలే, ఉచితంగా చూడొచ్చు. 2024 డిసెంబరులో కేంద్రం పాఠాల టీవీ చానళ్ళ పథకం పీఎం ఈ-విద్య కింద 31వ నంబరు చానల్‌ను ప్రత్యేకంగా సంజ్ఞా భాష కోసం మొదలుపెట్టారు. ఇవన్నీ పదాలు పెంచుకోవడానికి బాగుంటాయి. భాష రావాలంటే మాత్రం మనుషులు కావాలి. మీ జిల్లాలో బధిరుల సంఘం ఎక్కడ కలుస్తుందో కనుక్కుని వెళ్ళండి. సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం, ఆ వారంలో చాలా ఊళ్ళలో కార్యక్రమాలుంటాయి. కొత్తలో ఏమీ అర్థం కాదు. నవ్వుతారు, ఫరవాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళే మీకొక సైగ పేరు పెడతారు. మీ చెంప మీద పుట్టుమచ్చో, కళ్ళద్దాలో, జడో చూసి పెడతారు. ఆ పేరు వచ్చిందంటే మిమ్మల్ని తమలో కలుపుకున్నారని అర్థం.

తెలుగువాళ్ళకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. భారతీయ సంజ్ఞా భాషలో కర్త, కర్మ ముందొచ్చి క్రియ చివర వస్తుంది, మన తెలుగులాగే. లేదు, కాదు అన్నవి కూడా చివర్లోనే వస్తాయి. తేడా ఎక్కడంటే ప్రశ్న పదం కూడా చివరికి పోతుంది, విభక్తులు ఉండవు. అవునా కాదా అని అడగాలంటే కనుబొమలు పైకి లేపాలి. కనుబొమలు కదపకపోతే అది ప్రశ్నే కాదు. చేతులు బాగా తిప్పుతూ ముఖం రాయిలా పెట్టే టీచర్ చెప్పేది పిల్లలకు సగమే అర్థమవుతుంది.

మాట నేర్పాలా, సైగ నేర్పాలా అన్న గొడవ మీ చెవిన తప్పకుండా పడుతుంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన సభలో టీచర్లు కూర్చుని బధిరుల బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. ఆ ప్రభావం ప్రపంచమంతా, మన బడుల్లో కూడా దశాబ్దాలపాటు ఉంది. పిల్లల చేతులు కట్టేసినట్టే అయింది. 2010లో వాంకోవర్‌లో అదే పరంపరలోని మహాసభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి, జరిగిన నష్టానికి విచారం తెలిపింది. నా అభిప్రాయం ఇది: చెవికి పెట్టే వినికిడి మిషన్‌తో బాగా వినగలిగే బిడ్డకు మాట నేర్పడానికి మీకున్న శక్తంతా పెట్టండి, కానీ ఏ బిడ్డకూ సైగలు దూరం చేయకండి. మాట వస్తుందో రాదో చూద్దామని మూడేళ్ళు ఎదురుచూసి, రాలేదని తేలాక సైగలు మొదలుపెడితే ఆ మూడేళ్ళు ఎవరూ వెనక్కి ఇవ్వలేరు.

ఆడియోగ్రామ్ చదవడం, మిషన్ చూసుకోవడం

మీరు వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు కానక్కర్లేదు కానీ ప్రతి పిల్లవాడి ఫైల్లో ఉన్న ఆడియోగ్రామ్‌ను, అంటే ఆ పరీక్ష గ్రాఫును, చదవగలగాలి. ఎర్ర సున్నాలు కుడిచెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమచెవివి. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ శబ్దం కీచుగా మారుతుంది, కిందికి దిగేకొద్దీ పెద్దగా అవుతుంది. గుర్తులు ఎంత కిందుంటే వినికిడి అంత తక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరత్వం, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందం.

చట్టం గీసిన ఈ గీత సర్టిఫికెట్ కోసమే. 45 డెసిబెల్స్ లోపం ఉన్న పిల్లవాడికి సర్టిఫికెట్ రాకపోవచ్చు, వాడు మాత్రం మామూలు బడిలో వెనక బెంచీలో కూర్చుని సగం పాఠం పోగొట్టుకుంటూ ఉంటాడు. మొద్దు అనీ, చెప్పిన మాట వినడనీ పేరు పడుతుంది. చెవి కారుతూ ఉండే పిల్లల్లో ఇలాంటివాళ్ళు చాలామంది. మీరు మామూలు బడులకు తిరిగే ఉద్యోగంలో ఉంటే వీళ్ళను పట్టుకోవడం మీ బాధ్యత అనుకోండి.

రోజూ మొదటి గంటలో, పాఠం మొదలుపెట్టకముందు మిషన్లు చూడండి. బ్యాటరీ టెస్టర్, మిషన్ శబ్దం మనం వినడానికి స్టెతస్కోప్‌లాంటి గొట్టం, చిన్న బ్రష్షు, రెండు మూడు సైజుల కొత్త బ్యాటరీలు ఒక డబ్బాలో పెట్టుకోండి. చెవిలో పెట్టే మౌల్డ్‌లో గులిమి ఉంటే తీయండి. మౌల్డ్‌ను మిషన్ నుంచి విడదీసి కడగొచ్చు, మిషన్‌కు మాత్రం నీళ్ళు తగలకూడదు. కీచుమని కూత వస్తుంటే చాలాసార్లు మౌల్డ్ వదులైందని అర్థం. పిల్లలు పెరుగుతారు కాబట్టి అది మార్చాల్సి వస్తుంది. కొత్త బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి. మన ఎండలకు చెమటే మిషన్‌కు పెద్ద శత్రువు. రాత్రిళ్ళు సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టమని ఇంట్లోవాళ్ళకు చూపించండి.

తర్వాత ఆరు శబ్దాల పరీక్ష. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. పిల్లవాడికి మీ పెదాలు కనపడకుండా పక్కనో వెనకో నిలబడి, ఒక మీటరు దూరం నుంచి ఒక్కోటీ మామూలు గొంతుతో అనండి. ఒకే వరసలో అనకండి, మధ్యలో ఊరికే ఆగుతూ ఉండండి, లేకపోతే లెక్క కట్టి ఊహించేస్తారు. వినపడినప్పుడల్లా వాడు ఒక పూసను గిన్నెలో వేయాలి. మ్, ఊ పట్టుకుని స్ పట్టుకోలేకపోతే కీచు శబ్దాలు అందడం లేదన్నమాట. నిన్న పట్టుకున్నది ఇవాళ పట్టుకోకపోతే ముందు బ్యాటరీ మార్చండి, అప్పటికీ కాకపోతే చెవి చూడమని డాక్టర్ దగ్గరికి పంపండి. అంతా కలిపి ఒక్కో పిల్లవాడికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇది మానేస్తే, పనిచేయని మిషన్ చెవికి తగిలించుకుని పిల్లవాడు రోజంతా కూర్చుని పోతాడు.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించుకున్న పిల్లలు ఇప్పుడు చాలామంది వస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చిన దగ్గర్నుంచి పేద కుటుంబాల పిల్లలకు కూడా ఆ ఆపరేషన్ అందింది. ఆపరేషన్ అయిపోగానే బిడ్డ మాట్లాడేస్తుందని ఇంట్లో అనుకుంటారు. కొన్ని వారాల తర్వాత పరికరం ఆన్ చేస్తారు, అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆ రోజుకి ఆ బిడ్డ వినికిడి వయసు సున్నా. నెలల తరబడి, ఏళ్ళ తరబడి రోజూ వినడం నేర్పాలి.

తరగతిలో భాష ఎలా నేర్పాలి

ముందు గది సంగతి. పిల్లలను అర్ధచంద్రంగా కూర్చోబెట్టండి, అందరికీ మీ ముఖమూ కనపడాలి, ఒకరి చేతులు ఒకరికీ కనపడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, వెలుతురు వెనక నుంచి వస్తే మీ ముఖం నీడలో పడుతుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. రాయడం ఆపి, ఇటు తిరిగి, వాళ్ళు మీవైపు చూశాకే చెప్పండి. వాళ్ళు పుస్తకంలోకి చూస్తున్నంతసేపు మీ చేతులు ఆగాలి. కళ్ళతో వినే పిల్లలు ఒకేసారి రెండు చోట్లకు చూడలేరు.

పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అనుకోవద్దు. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. క, గ అయితే గొంతులోనే పలుకుతాయి, బయటికి కనపడవు. పెదాలు కొంత ఊతం ఇస్తాయి, పాఠమంతా వాటి మీద నడపలేం.

ఇప్పుడు తెలుగు. బధిర పిల్లల నోట్‌బుక్ తెరిస్తే ఇలాంటి వాక్యాలు కనిపిస్తాయి: "నాన్న బజారు వెళ్ళాడు అరటిపండు చెల్లి ఇచ్చాడు." "అమ్మ వచ్చాడు." కి, కు, తో, లో, నుంచి అన్నవి మాయమైపోతాయి. డు, ది తారుమారవుతాయి. కారణం సులభం. ఆ చిన్న ముక్కలు పెదాల మీద కనపడవు, మిషన్‌లో సరిగా వినపడవు, సైగల్లో ఉండవు. వినే పిల్లలకు అవి రోజుకు వేలసార్లు చెవిలో పడి అలవాటవుతాయి. ఈ పిల్లలకు అవి కంటికి కనపడేలా చేయాలి. నేను విభక్తులకు ఒక రంగు, క్రియ చివరి భాగానికి ఒక రంగు వాడతాను. అట్టముక్కల మీద "చెల్లి", "కి", "తో", "దగ్గర" అని విడివిడిగా రాసి, పిల్లలతోనే ఆ పని చేయించి, అట్టలు కలిపించాలి. చెల్లికి ఇచ్చాడు, చెల్లితో ఆడాడు, చెల్లి దగ్గర తీసుకున్నాడు. మూడింటికీ నాటకం ఆడించండి. ఎర్రపెన్నుతో తప్పు కొట్టేస్తే ఏమీ రాదు.

ఒక పాఠం ఎలా నడుస్తుందో చెబుతాను. నిమ్మకాయ నీళ్ళు చేయడం తీసుకోండి. నిమ్మకాయలు, చక్కెర, ఉప్పు, నీళ్ళు, గ్లాసులు బల్ల మీద పెట్టండి. ముందు ఏమీ రాయొద్దు. ఒక పిల్లతో కాయ కోయించండి, ఒకడితో పిండించండి, గింజలు ఎవరు తీస్తారని అడగండి. చక్కెర వేయకుండా ఒకరికి రుచి చూపించండి. ఆ ముఖం చూసి తరగతంతా నవ్వుతుంది, "పులుపు" అన్న మాట ఇక ఎవరూ మరచిపోరు. ఇదంతా సైగల్లో, మాటల్లో కలిపి నడవాలి. తాగడం అయ్యాక బోర్డు దగ్గరికి వెళ్ళి ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం అని వాళ్ళనే అడగండి. వాళ్ళు సైగల్లో చెప్పింది మీరు తెలుగులో రాయండి. "లక్ష్మి నిమ్మకాయను కత్తితో కోసింది" అని రాసినప్పుడు, "ను", "తో" దగ్గర ఆగి కత్తి పట్టుకుని చూపించండి. మర్నాడు అదే పేరాను వాక్యాలుగా కత్తిరించి కలిపేసి వరసలో పెట్టమనండి. ఆ తర్వాతి రోజు ఒకటి రెండు విభక్తులు తీసేసి ఖాళీలు పెట్టండి. ఒక్క నిమ్మకాయ నీళ్ళతో వారమంతా పాఠం నడుస్తుంది. పాఠ్యపుస్తకం వెనకబడుతుందని టెన్షన్ పడకండి, భాష వచ్చాక పుస్తకం వేగంగా నడుస్తుంది.

లెక్కల్లో కూడికలు, గుణకారాలు చకచకా చేసే పిల్లలు "రాము దగ్గర 12 గోళీలు ఉన్నాయి, రవికంటే 4 ఎక్కువ" అన్న లెక్క దగ్గర ఆగిపోతారు. రెండు సంఖ్యలు కనపడగానే కూడేస్తారు. ఇద్దరు పిల్లల చేతుల్లో నిజంగా గోళీలు పెట్టి "కంటే" అన్నదాన్ని ముందు చూపించండి.

"అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. అందరూ తల ఊపుతారు. ఏళ్ళ తరబడి అలవాటైన మర్యాద అది. దాని బదులు "ఇప్పుడు నువ్వు వీళ్ళకు చెప్పు" అని ముందుకు పిలవండి. అర్థమైందో లేదో క్షణంలో తేలిపోతుంది, పైగా నాకంటే వాళ్ళు ఒకరికొకరు ఇంకా బాగా చెప్పుకుంటారు.

అమ్మానాన్నలతో

మీ దగ్గర పిల్లలు ఆరేడు గంటలే ఉంటారు. హాస్టల్ పిల్లలైతే సెలవులకు ఇంటికి వెళ్ళి, మాట్లాడేవాళ్ళు లేక మూగబోయి తిరిగొస్తారు. కాబట్టి ఇంటికి కొన్ని సైగలు పంపాలి. అన్నం, నీళ్ళు, నొప్పి, బడి, రేపు, ఎవరు, ఎక్కడ లాంటివి మొదట. అమ్మకు మాత్రమే నేర్పి ఊరుకోకండి. నాన్న, తాతయ్య, అమ్మమ్మ, అన్నదమ్ములు అందరూ రావాలి. ఎవరెక్కడికి వెళ్ళారో, రేపు ఎందుకు బస్సెక్కుతున్నామో కూడా ఎవరూ చెప్పకుండానే పెరుగుతారు ఈ పిల్లలు. రోజూ రాత్రి క్యాలెండర్ ముందు కూర్చుని రేపేం జరుగుతుందో చెప్పమనండి. దీనికి ఖర్చేమీ లేదు, ఫలితం మాత్రం వారాల్లో కనపడుతుంది.

మన దగ్గర మేనరికాలు ఎక్కువ, దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో వినికిడి లోపం వచ్చే అవకాశం ఎక్కువ. రెండో బిడ్డ గురించి అడిగితే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు పంపండి, పుట్టిన బిడ్డకు నెలలోపే వినికిడి స్క్రీనింగ్ చేయించమని చెప్పండి. లోపం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్, శిక్షణ మొదలు కావాలి. కానీ జరిగిన పెళ్ళిని తప్పుపడుతూ ఒక్క మాట కూడా అనకండి. ఆ తల్లిని అత్తింట్లో అందరూ ఇప్పటికే అని ఉంటారు.

ఉద్యోగాలు

ప్రభుత్వ ఉద్యోగానికి టెట్ పాసవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్పెషల్ టీచర్లకు వేరే పేపర్లున్నాయి, డీఎడ్ వాళ్ళకు 1బీ, బీఎడ్ వాళ్ళకు 2బీ. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్), 796 ఎస్జీటీ (ప్రాథమిక) పోస్టులు ఇచ్చారు. ఇవి అన్ని రకాల స్పెషల్ టీచర్లకూ కలిపి. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని నోటిఫై చేసింది. ఈ లెక్క ప్రకారం నింపాల్సిన ఖాళీలు ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి సీఆర్‌ఆర్, టెట్ రెండూ సిద్ధంగా పెట్టుకోండి.

భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీలుగా, అంటే ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లుగా పనిచేయవచ్చు. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం చేసే పనికి తగ్గట్టు ఉండదు, మండలంలోని ఊళ్ళన్నీ తిరగాలి, మంచం మీదున్న పిల్లల ఇళ్ళకూ వెళ్ళాలి. అన్ని రకాల వైకల్యాలున్న పిల్లలు మీ దగ్గరికే వస్తారు. కష్టమైనదే, కానీ ఎక్కడో గుడిసెలో ఐదేళ్ళుగా ఎవరూ పట్టించుకోని బిడ్డను మొదట చూసేది ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళే. స్వచ్ఛంద సంస్థల బడుల్లో, కాక్లియర్ ఇంప్లాంట్ పిల్లలకు శిక్షణనిచ్చే కేంద్రాల్లో కూడా అవకాశాలున్నాయి. ఎక్కడ చేరినా అపాయింట్‌మెంట్ లెటర్ రాతపూర్వకంగా తీసుకోండి, అనుభవ ధ్రువపత్రానికి అదే ఆధారం. సీఆర్‌ఆర్‌ను ఐదేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాలి, అందుకు శిక్షణ కార్యక్రమాల్లో పాల్గొన్న పాయింట్లు కావాలి. చివరి ఏడాది దాకా ఆగకుండా ఏటా ఒకటి రెండు చేసుకుంటే ఇబ్బంది ఉండదు.

మొదటి ఏడాదిలో మరచిపోకూడనివి

పిల్లల భద్రత. తమకు జరిగింది చెప్పలేరని తెలిసి బధిర పిల్లలను వేధించేవాళ్ళుంటారు. శరీర భాగాల సైగలు, వద్దు అని గట్టిగా చెప్పే సైగ, ఎవరికి చెప్పాలో, అన్నీ చిన్నతరగతుల్లోనే నేర్పండి. ఏదైనా తెలిస్తే బడి పరువు అని దాచకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలి. వాంగ్మూలం తీసుకునేటప్పుడు బిడ్డకు అర్థమయ్యే ఇంటర్‌ప్రెటర్ ఉండేలా పట్టుబట్టండి.

కాగితాలు. ప్రతి పిల్లవాడికీ సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు) ఉన్నాయో లేదో జూన్‌లోనే చూడండి. బస్ పాస్, పెన్షన్, స్కాలర్‌షిప్ అన్నీ వాటి మీదే ఆధారపడి ఉంటాయి. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షల్లో భాషా పేపర్ల మినహాయింపు, అదనపు సమయం లాంటివి ఉంటాయి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే సర్టిఫికెట్ జతచేసి అడగాలి, హాల్ టికెట్లు వచ్చాక అడిగితే పని జరగదు. మినహాయింపు ఉంది కదా అని తెలుగు చెప్పడం మాత్రం ఆపకండి. బ్యాంకు ఫారం, ఆసుపత్రి చీటీ, ఫోన్‌లో వచ్చే మెసేజ్ వాళ్ళు రేపు సొంతంగా చదువుకోవాలి.

ప్రతి పిల్లవాడికీ ఒక నోట్‌బుక్ పెట్టి నెలకోసారి వాడు సొంతంగా రాసిన ఐదారు వాక్యాలు, తేదీ వేసి, దిద్దకుండా అందులో అతికించండి. జూన్ పేజీ, ఫిబ్రవరి పేజీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ విభక్తి వచ్చింది, ఏది రాలేదు అన్నది మార్కుల లిస్టు కంటే స్పష్టంగా తెలుస్తుంది. వచ్చే ఏడాది ఆ తరగతికి వచ్చే టీచర్‌కు ఆ నోట్‌బుక్కులన్నీ అప్పగించండి.